మూడు చేటల తవుడు

మా ఊళ్ళో ఎవరి పేరు ఎందుకు వచ్చిందో అడిగితే తడుముకోకుండా చెప్తారు. మునస్వామిని వాళ్ళమ్మ మునీశ్వరుడికి మొక్కుకొని కన్నది, అందుకని మునస్వామి. మా నాయన పుట్టలో పాలు పోయించాక నేను పుట్టాను, అందుకని నాగరత్నమ్మ. ఊళ్ళ పేర్లంటారా, అవి వేరే. పుత్తూరుకు ఆ పేరు ఎట్లా వచ్చిందని పాకాల బస్సులో అడిగి చూడండి, నలుగురు నాలుగు కథలు చెప్తారు, నాలుగూ అప్పటికప్పుడు అల్లినవే అయ్యుంటాయి. పేరు ఎక్కడిదో తెలియకపోయినా ఊరికి నిద్ర పడుతుంది. మనిషికి పట్టదు. మా కుప్పమ్మకు యాభై ఎనిమిదేళ్ళు పట్టలేదు.

కుప్ప అంటే మా వైపు చెత్త పోసే దిబ్బ. ఒకప్పుడు బడిపంతులు ఒకాయన దాన్ని ఓదార్చడానికి, కుప్ప అంటే ధాన్యం కుప్ప, లక్ష్మీదేవి అని చెప్పాడు. అది నవ్వి, "లచ్చిందేవిని ఎవురూ దిబ్బ మీద పడెయ్యరు సారూ" అంది. ఆ పేరు ఏ దిబ్బదో దానికి బాగా తెలుసు. ఆ దిబ్బ మీదికి తను ఎట్లా వచ్చిందన్నదే తెలియదు.

పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే మా ఊళ్ళో ఒక పని చేసేవాళ్ళు. కన్నతల్లి పసిగుడ్డుకు నీళ్ళు పోసి, తెల్లవారకముందే దిబ్బ మీద పెట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేయాలి. కన్న బిడ్డలందరూ దక్కిన ఇంకొక ఆడమనిషి వెళ్ళి, ఎవరి బిడ్డో పాపం అని ఎత్తుకొని, మళ్ళీ ఆ తల్లి వాకిట్లోకే రావాలి. "బిడ్డ దొరికింది, కొంటావా?" అని అడగాలి. తల్లి మూడు చేటల తవుడు పోసి కొనుక్కోవాలి. ఆ రోజు నుంచి ఎవరడిగినా, "నా బిడ్డ కాదు, దిబ్బ మీద దొరికింది, తవుడుకు కొన్నాను" అనే చెప్పాలి. చావు ఆ ఇంట్లోకి తొంగిచూసి, వీళ్ళ బిడ్డ ఇక్కడ లేదనుకొని వెళ్ళిపోవాలన్నమాట. పన్నెండేళ్ళు దాటాక గంగమ్మ గుడి దగ్గర నలుగురిలో నిలబడి, ఇది నా బిడ్డ అని మూడుసార్లు చెప్పి, అసలు పేరు పెట్టి, బిడ్డను ఎత్తుకొచ్చినామె దగ్గర ఆ తవుడు తిరిగి తీసుకుంటే అంతటితో తీరిపోతుంది. నా చిన్నప్పుడు మా వీధిలో కుప్పమ్మలు ముగ్గురు. ఒకతె పంకజాక్షి అయింది, ఇంకొకతె విజయ అయింది. మూడోది కుప్పమ్మగానే మిగిలింది.

దాని తల్లి చెంగమ్మ. తల్లో, పెంచినదో, నేను చెప్పలేను. చెంగమ్మకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. ఆ తర్వాత ఒక ఏడాది చెయ్యి విరిగిందని, కట్టు కట్టించుకోవాలని పుత్తూరు వెళ్ళింది. నాలుగు నెలలు రాలేదు. పుత్తూరు కట్టుకు నాలుగు నెలలెందుకు, నెలకే విప్పేస్తారు కదా, కడుపు దాచుకోవడానికే పోయింది అని కొందరు. చెయ్యి నిజంగానే వంకరగా ఉంది కదా, ఇంక కడుపెక్కడిది అని కొందరు. ఆమె చీకటి పడ్డాక తిరిగొచ్చింది, చంకలో బిడ్డ ఉందో లేదో ఎవరూ చూడలేదు. మూడోనాడే తవుడు బేరం జరిగింది.

అప్పుడు నాకు పదేళ్ళు. మా అమ్మ తిరుమలమ్మకు మేం ఐదుగురం, ఐదుగురమూ దక్కాం. ఆ పనికి అటువంటి చెయ్యే కావాలి. తెల్లారీ తెల్లారకముందు చేట తీసుకొని చెంగమ్మ వాకిట్లో నిలబడమని నాకు చెప్పి, మా అమ్మ వెళ్ళిపోయింది. నేను నిలబడ్డాను. కాసేపటికి బిడ్డను ఎత్తుకొని వచ్చింది. చెంగమ్మ మూడుసార్లు తవుడు పోసింది, మూడుసార్లూ నేనే మోసి మా ఎనుము కుడితి తాగే గాబులో పోశాను. నేను చూసింది అంతే.

కాదు, ఇంకా రెండు చూశాను. మా అమ్మ కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద ఉంది. మా వీధి దిబ్బ దగ్గర బురద ఉండదు, రైలుకట్ట పక్క కాలువలో ఉంటుంది. చెంగమ్మ రవిక ఎదపైన తడిసి ఉంది. పాలో, చెమటో, పదేళ్ళ పిల్లకేం తెలుస్తుంది? బురద ఒక కథ చెప్తుంది, రవిక ఇంకొక కథ చెప్తుంది. మా అమ్మను అడిగితే "నోరు ముయ్" అంది. బతికినన్నాళ్ళూ అదే మాట అంది.

కుప్పమ్మ దక్కింది. ఆరేళ్ళకు చెంగమ్మకు ధనంజయ పుట్టాడు. వాడు పుట్టింది ఊరంతా చూసింది. వాణ్ణి ఏ దిబ్బ మీదా పెట్టలేదు. కుప్పమ్మకు పన్నెండు నిండిన ఏడాది చెంగమ్మ కొత్త చేట కొనిపెట్టుకుంది కూడా. సరిగ్గా అప్పుడే ధనంజయకు విషజ్వరం వచ్చింది. ఈ ఇంట్లో బిడ్డ ఉందని నోరు తెరిచి చెప్తే చావు లోపలికి వస్తుందని ఆమెకు భయం. జ్వరం తగ్గాక చూద్దామంది. తర్వాత పంట కోతలు కానీ అంది. ఆ చేటతో బియ్యం చెరిగి చెరిగి అది చినిగిపోయింది కూడా.

కుప్పమ్మ మూడో తరగతితో బడి మానేసి చింతపండు కొట్టడానికి పోయింది. రోజంతా కూర్చొని, సుత్తితో కాయ పగలగొట్టి, గింజ తీసి, నార లాగడం. నలభై ఏళ్ళు చేసింది. దాని వేళ్ళు చూస్తే ఇప్పటికీ కాల్చిన కట్టెల్లా ఉంటాయి. పెళ్ళయింది. మొగుడు మామిడికాయల లోడు లారీ పైన కూర్చొని చిత్తూరు పోతూ లారీ తిరగబడి పోయాడు. పిల్లలు లేరు. తిరిగొచ్చి మా వీధి చివర రేకుల గదిలో ఉండిపోయింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచింది లేదు. పని లేని పొద్దు మా అరుగు మీదికి వచ్చి ఒకటే అడిగేది.

"నాగక్కా, ఆ పొద్దు నువ్వేం సూసినావో ఇంగొకతూరి సెప్పు."

"ఎన్నితూర్లు సెప్పాల మే? తవుడు సూసినా. చేట సూసినా."

"మీ యమ్మ కాళ్ళ బురద?"

"సూసినా."

"మా యమ్మ రవిక?"

"సూసినా. ఇంగ పో, నాకు పనుండాది."

చెంగమ్మ పోయేముందు నేను పక్కనే ఉన్నాను. కుప్పమ్మ ఆమె నోటి దగ్గర చెవి పెట్టి అడిగింది. "అమ్మా, ఇప్పుడన్నా సెప్పు. నేను నీకు పుట్టినానా, దొరికినానా?"

"దొరికినావు" అంది చెంగమ్మ. "దిబ్బ మీద దొరికినావు. మూడు సేటల తవుడుకు కొన్నా. పో, పొయ్యి కాడ పని సూసుకో పో."

ఆ మాట అంటూ కుప్పమ్మ మణికట్టు మాత్రం వదల్లేదు. అందులో ప్రేమే ఉండాలని లేదు. పోయేవాళ్ళు చేతికి దొరికినదాన్ని పట్టుకుంటారు. ఇక్కడే నాకు మండుతుంది. నిజంగా దొరికిన బిడ్డ అయితే ఆ తల్లి ఏమనాలో అదే అంది. కడుపున పుట్టిన బిడ్డను చివరి ఊపిరి దాకా కాపాడుకోవాలనుకున్నా అదే అనాలి. రెంటికీ ఒకే మాట. ఆ మాట పట్టుకొని ఎవరు ఏం తేల్చగలరు?

ధనంజయ తేల్చేశాడు. తల్లి పోయాక, కుప్పమ్మ అడగకుండానే, "తవుడుకు కొన్నదానికి వాటా ఏంది?" అని పెద్దమనుషుల ముందు అన్నాడు. కూతురి పెళ్ళి కార్డులో మేనత్త అని దీని పేరు వేయించలేదు. మేనత్త కూర్చోవలసిన చోట భార్య ప్రసన్నకుమారి పెదనాన్న కూతుర్ని కూర్చోబెట్టాడు. కుప్పమ్మ ఆ పెళ్ళికి వచ్చి, చివరి పంక్తిలో తిని, ఆకు తనే తీసి పారేసి పోయింది.

అటువంటి ధనంజయకు రెండేళ్ళ కిందట రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు తిరుపతికి తీసుకుపోయి మిషను మీద రక్తం కడిగించేవాళ్ళు. మనిషి నల్లబడిపోయాడు, కాళ్ళు మాత్రం బూరెల్లా వాచాయి. కొత్త కిడ్నీ ఎవరైనా ఇస్తే తప్ప లాభం లేదన్నారు. ప్రసన్నకుమారికి చక్కెర జబ్బు, ఆమెది పనికి రాదు. కూతురు కడుపుతో ఉంది. తోడబుట్టినవాళ్ళు ఉన్నారా అని డాక్టరు అడిగాడట.

ఒకరోజు పొద్దున ధనంజయ ఆటో దిగి కుప్పమ్మ రేకుల గది ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "అక్కా" అన్నాడు. అది చింతగింజలు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఎవుర్ని పిలస్తా ఉండావప్పా?"

"నిన్నే అక్కా."

"ఆ పిలుపు ఈ ఇంటికి ఎప్పుడూ రాలే. దారి తప్పినట్టుండాది."

దాని నోరు అంతే, మనసు వేరే. ఆ రోజే ఒప్పేసుకుంది. నేను తిట్టాను. "పెండ్లి కార్డులో పేరు లేదు గానీ నీ ఒంట్లో ముక్క కావాలా వానికి?" అన్నాను. "ఇంత పేగు తెగితే పోయేదేముండాది నాగక్కా, నాకెవురుండారు ఆ రెండోది దాచి పెట్టడానికి" అంది.

తిరుపతిలో ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. బోర్డులు చదవాలంటే దాని మూడో తరగతి చాలదు. నేను ఐదు చదివాను, బోర్డులకు అది చాలు. రక్తం గ్రూపు కలిసింది. ఒకే గ్రూపు ఊళ్ళో సగం మందికి ఉంటుంది, అదేమీ సాక్ష్యం కాదు. ఇటువంటి కేసుల కాగితాలు చూసే అమ్మాయి పేరు రూపశ్రీ. చాలా మర్యాద తెలిసిన పిల్ల.

"అవ్వా, మీరు ఈయనకు ఏమవుతారు?" అని అడిగింది.

"ఆయన్నే అడుగమ్మా" అంది కుప్పమ్మ.

"మా అక్క మేడమ్. సొంత అక్క" అన్నాడు ధనంజయ.

కుప్పమ్మ గోడ వైపు తిరిగి కొంగు సర్దుకుంది. ఏసీ గదిలో, ఊరివాళ్ళు ఎవరూ లేని చోట అన్న అక్క అది. నాకు ఒళ్ళు మండింది.

తోడబుట్టినవాళ్ళని తహసీల్దారు ఇచ్చే కాగితం కావాలని రూపశ్రీ చెప్పింది. "కిడ్నీ డబ్బులిచ్చి కొనుక్కొని అక్క అని చెప్పేవాళ్ళు ఉంటారు అవ్వా, అందుకే ఇంత గట్టిగా అడుగుతాం" అంది.

"నన్ను కొన్నది నిజమే పాపా. తవుడుకు. అది ఎప్పుడో అయిపోయింది" అంది కుప్పమ్మ. ఆ పిల్లకు అర్థం కాక నవ్వింది. కాగితం దొరక్కపోతే ఇద్దరి రక్తం తీసి పరీక్షకు పంపిస్తే ఒక తల్లి బిడ్డలో కాదో తెలిసిపోతుంది, కానీ దానికి వారాలు పడుతుంది అని కూడా చెప్పింది.

కుప్పమ్మ వద్దంది. గట్టిగా వద్దంది. "సూది సెప్పేదేంది నాకు? మా యమ్మ నోటితో కాదనింది. నోటితోనే అవుననాల." ధనంజయ వైపు తిరిగింది. "కిడ్నీ ఇస్తా నాయనా. నాకు వాటా వద్దు, చీర వద్దు. మీ యమ్మ బదులు నువ్వొచ్చి గంగమ్మ కాడ నిలబడి, నేను ఆ ఇంటి బిడ్డనని మూడుమార్లు సెప్పు. నాకొక పేరు పెట్టు. కుప్పమ్మ అనే పేరుతో ఆ బల్ల మీద పండుకోను."

వాడు సరేనన్నాడు. ఇంటికి పోయాక మాట మార్చాడు. ముందు ఆపరేషన్ కానీ, తర్వాత చెప్తానన్నాడు. ప్రసన్నకుమారి అడ్డం పడిందని తెలిసింది.

నాలుగు రోజులకు విఆర్వో విజయ్ కుమార్ విచారణకు వచ్చాడు. వీళ్ళ పుట్టుక ఎరిగిన ఇద్దరు పెద్దవాళ్ళు సంతకం పెడితే కాగితం పైకి పోతుంది, అటువంటివాళ్ళం ఊళ్ళో మునస్వామీ నేనే మిగిలాం. మునస్వామి చదవకుండానే పెట్టేశాడు. విఆర్వో దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. "వీళ్ళిద్దరూ ఒక తల్లి బిడ్డలని పుట్టినప్పటినుంచి ఎరుగుదును" అని రాసి ఉంది.

"నేను చూసింది తవుడు బాబూ. అది రాసుకో, పెడతా" అన్నాను.

"పెద్దమ్మా, ఒక మనిషి పానం."

"తెలుసు. ఆ మనిషినే గంగమ్మ కాడికి రమ్మను. వాడు నోటితో సెప్తే అది నా చెవులతో విన్నట్టు. అప్పుడు పెడతా నా సంతకం."

నేను అబద్ధానికి వేలు పెట్టనని కొంత, వాడి మెడ వంచి అయినా కుప్పమ్మకు కావలసింది ఇప్పించాలని కొంత. ఏది ఎంతో ఇప్పుడు తూకం వేయలేను. తొమ్మిది రోజులు ఆ కాగితం నా సంతకం లేకుండా విఆర్వో సంచిలోనే తిరిగింది.

తొమ్మిదోనాడు ధనంజయే నా అరుగు మీదికి వచ్చాడు. రెండు మెట్లు ఎక్కడానికి మూడుసార్లు ఆగాడు.

"ఏం నాగక్కా, నీ సంతకానికి ఇంత బిర్రా?"

"నీ నోటికున్నంత లేదులే. కూసో."

కూర్చున్నాడు. చాలాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత అన్నాడు, "నాకు భయం నాగక్కా. మా యమ్మ అంత మొండిగా నోరు కట్టుకునిందంటే ఊరికేనా? ఆ మాట అంటే సావు ఎవుర్ని ఎత్తకపోతాదో. ఇప్పుడు వాకిట్లో ఉండేది నేనే గదా."

"అట్టయితే అది మీ ఇంటి బిడ్డే అని నీకు తెలుసు."

"యాడ తెలుసు? ఎవురు సెప్పినారు నాకు? ఐదేండ్లప్పుడు వీధిలో ఎవురో అడిగితే మా యక్క అని అన్నా. మా యమ్మ లాక్కొచ్చి పెదవి పగిలేట్టు కొట్టింది. అక్క కాదు, మన ఇంట్లో ఉండే పిల్ల అను అనింది. ఇంగ అదే అన్నా. అని అని అదే నిజమైపాయ."

వాడి మాట నమ్మాలో లేదో నాకు తెలియలేదు. వాటా ఎగ్గొట్టినప్పుడు పెదవి నొప్పి గుర్తు రాలేదు కదా అని అడగబోయి ఊరుకున్నాను. వాడు నేల చూస్తూ ఇంకొక మాట అన్నాడు.

"పేరు పెట్టమంటా ఉండాది గదా. మా ఇంట్లో దూడలకన్నిటికీ ఒకటే పేరు, నీకు గుర్తుండాదా?"

నాకు గుర్తుంది. కోమలి. వాళ్ళింట్లో ఏ దూడ పుట్టినా చెంగమ్మ కోమలి అనే పిలిచేది. "కోమలీ, తిన్నావా తల్లీ", "కోమలీ, ఎండలో నిలబడొద్దు" అని కొట్టంలోంచి వినిపించేది. కుప్పమ్మ అక్కడే పేడ ఎత్తుతూ ఉండేది. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"కోడెదూడ పుట్టినా కోమలే నాగక్కా" అన్నాడు ధనంజయ. "కోడెదూడకు ఎవురన్నా కోమలి అని పెడతారా? ఈ నడుమ మిషను మీద పండుకున్నప్పుడల్లా అదే గ్యాపకం వస్తా ఉండాది."

వెళ్ళేటప్పుడు, "వచ్చే మంగళారం వస్తా. ఆడి నెల, అమ్మోరికి అంబలి పోస్తారు గదా, జనం ఉంటారు. సెప్తా" అన్నాడు.

మంగళవారం మా అమ్మ బదులు నేను రైసుమిల్లులో తవుడు తెచ్చాను, కొత్త చేట తెచ్చాను. ప్రసన్నకుమారి రానంది. ధనంజయ ఒక్కడే ఆటోలో వచ్చాడు. గంగమ్మ ముందు యాభై మంది ఉంటారు, మునస్వామీ విఆర్వో కూడా ఉన్నారు. కుప్పమ్మ తలంటుకొని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, పెళ్ళికూతురిలా తల వంచుకొని నిలబడింది. దాని నల్లటి వేళ్ళు ఎంత తోమినా తెల్లబడలేదు.

నేను అడిగాను. "ఈ బిడ్డ ఎవురి బిడ్డ?"

"మా బిడ్డ. మా యమ్మ కడుపున పుట్టిన బిడ్డ" అన్నాడు. మొదటిసారి నాకు మాత్రమే వినబడింది. రెండోసారి ముందున్నవాళ్ళకు వినబడింది. మూడోసారి గుడి వెనక వంట చేసేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"పేరేంది?"

"కోమలి."

ఆ పేరు వినగానే కుప్పమ్మ చప్పున తల ఎత్తింది. దానికీ కొట్టం గుర్తొచ్చినట్టుంది. ఏడవలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకొని నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. నేను తవుడు చేటతో సహా వాడి ఆటోలో పెట్టించి, అక్కడే అరుగు మీద పెట్టి కాగితం మీద సంతకం చేశాను, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

వాడి పెదవులు ఎండకు పగిలిపోయి ఉన్నాయి. కుప్పమ్మ టెంకాయ కొట్టి నీళ్ళు ఇచ్చింది. వాడు తాగాడు. తర్వాత అంబలి వచ్చింది. వాడు నా వైపు చూశాడు. "నీళ్ళు కొలత ప్రకారమే తాగాలంటారు" అన్నాడు. నేనే అన్నాను, "అమ్మోరి అంబలి వద్దనకూడదు. తాగు." రెండు చెంబులు తాగాడు. కుప్పమ్మే పోసింది. రెండేళ్ళలో కడుపునిండా తాగింది ఈ పొద్దే అన్నాడు. నవ్వాడు కూడా. మరుసటి రోజు మిషను మీద పడుకుంటే అదంతా పోతుందిలే అనుకున్నాం.

మరుసటి రోజు పొద్దున ఆసుపత్రికి పోతుంటే చంద్రగిరి దాటకముందే ఆటోలో ఊపిరాడక పోయాడు. యాభై రెండేళ్ళు.

ఒంట్లో నీరు ఎక్కువైంది, గుండె ఆగింది, ఏమైనా తాగాడా అని డాక్టరు అడిగాడట. ప్రసన్నకుమారికి అంబలి సంగతి తెలియదు. దప్పికకు చప్పరించడానికి నాలుగు ఐసు ముక్కలు తప్ప ఏమీ ఇవ్వలేదని చెప్పింది. తెలిసినవాళ్ళు ఊళ్ళో యాభై మంది ఉన్నారు. ప్రసాదం మనిషిని చంపుతుందని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. వాళ్ళకు తోచింది వేరే.

శవం వాకిట్లో ఉండగానే చిన్నబ్బ అన్నాడు. చిన్నబ్బ నా పక్కింటివాడు, పాలు పోస్తాడు. "సూసినారా? అది నిజంగా దిబ్బ మీద దొరికిందే అయ్యుంటే ఆ మాటకు ఏమీ అయ్యుండదు. మూడుమార్లు నిజం సెప్పినాడు, తెల్లారేసరికి సావు కొట్టింది. ఆ ఇంటి బిడ్డే. ఇంగ అనుమానం లేదు."

ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. యాభై ఎనిమిదేళ్ళు తేలనిది ఒక్క పూటలో తేలిపోయింది.

కుప్పమ్మ గడప దాటబోతే ప్రసన్నకుమారి జుట్టు విరబోసుకొని అడ్డం వచ్చింది. "మా యత్త బతికినంత కాలం నోరు కట్టుకొని కాపాడిన ఇల్లు! మూడు మాటలతో కూల్చినావు గదే! నీకు అక్కవు కావాల్నా? అయినావు పో! తమ్ముణ్ణి తిని అయినావు!"

కుప్పమ్మ వీధిలోనే నిలబడి చూసింది. పాడె ఎత్తినాక వెనక వెనక, అందరికంటే వెనక నడిచింది.

పదకొండో రోజు అయిపోయాక ప్రసన్నకుమారి మా ఇంటికి వచ్చింది. చేతిలో నా చేట, దాన్నిండా తవుడు. గంగమ్మ దగ్గర ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. నా గడప ముందు కుమ్మరించి, చేట దాని మీద విసిరేసింది. "నీ తవుడు నువ్వే తీసుకో వదినా. మాకు బిడ్డా వద్దు, బేరమూ వద్దు" అని వెళ్ళిపోయింది.

నేను చీపురు తెచ్చేలోపు కుప్పమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో. గొంతుక్కూర్చొని వేళ్ళతో తవుడు కూడగట్టడం మొదలుపెట్టింది. రాయి ఒకవైపు, తవుడు ఒకవైపు. చింతపండు కొట్టిన వేళ్ళు, ఒక్క ఇసుక రవ్వ రానివ్వలేదు.

"ఇస్తానన్నది ఇయ్యలేదు నాగక్కా. అడిగింది మాత్రం తీసుకున్నా" అంది.

నేను అది భరించలేకపోయాను. నేను ఎవరికీ తలవంచి మాట్లాడినదాన్ని కాను, ఆ రోజు దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "అది కాదు మే. వాడు పోయింది మాటతో కాదు. అంబలితో. ఒంట్లో నీళ్ళెక్కువైనాయని డాక్టరే సెప్పినాడు. తాగమనింది నేను. ఆ పాపం నాది. సంతకం ఆపింది నేను. నీ మీద యాల యేసుకుంటావు? రేపే నలుగుర్లో సెప్తా."

అది ఏరడం ఆపింది.

"అంబలితోనే పోయినాడా?"

"అంబలితోనే."

"మాటతో ఏమీ కాలేదా?"

"ఏమీ కాలే."

"అట్టయితే నేను మళ్ళా ఎవురి బిడ్డనూ కాను."

ఐదు చదివిన నా బుర్రకు అంతవరకు తోచలేదు.

"గమ్మునుండు నాగక్కా" అంది మెల్లిగా. "ఊరు అనేది అననీ. తమ్ముణ్ణి తినిందని అంటే తమ్ముడు ఉండినట్టే గదా. నువ్వు నోరు తెరవొద్దు. మీ యమ్మ తెరవలేదు, మా యమ్మ తెరవలేదు. నువ్వూ తెరవొద్దు."

నేను తెరవలేదు. ఊళ్ళో అందరూ దాన్ని చూసి పక్కకు తప్పుకుంటారు. పొద్దున్నే ఎదురొస్తే గొణుక్కుంటారు. కోమలి అని పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కూడా ఒకసారి పిలవబోయి కుప్పమ్మా అనే అన్నాను, నోరు తిరగలేదు.

ఆ రోజు తవుడంతా కొంగులో మూట కట్టుకొని లేచింది. మా ఇంట్లో ఎనుములు లేవు, ఇప్పుడు పాకెట్ పాలే. పక్కింట్లో చిన్నబ్బ కొట్టంలోకి వెళ్ళింది. దూడ ముందు కొంగు విప్పి, దాని మెడ కింద గోకుతూ నిలబడింది. గోడ ఇవతల నుంచి నాకు దాని గొంతు వినబడింది.

"తిను కోమలీ. తిను తల్లీ."

అది కోడెదూడ.